మా రోజుల్లో తేదీ చదివాకే టిక్కెట్టు

వీసా పదేళ్లకిచ్చారంటే పదేళ్లూ అక్కడే కూర్చోమని కాదురా అబ్బాయ్! ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఈ పెద్దాయనకి ఇన్ని పేజీలు కావాలా అని నీకనిపిస్తుంది. కావాలి. మా అపార్ట్‌మెంటులో సాయంత్రం పూట కింద బెంచీల మీద చేరేవాళ్లలో సగం మందికి పిల్లలు పరాయి దేశాల్లోనే ఉన్నారు. ఎవర్ని కదిపినా "మాకు 2033 దాకా ఉందండీ వీసా" అంటారు. ఏముందండీ 2033 దాకా, వెళ్లడానికా, ఉండడానికా అనడిగితే తెల్లమొహం వేస్తారు. పాపం వాళ్లననేం లాభం! అప్లికేషను నింపింది కొడుకు, ఫీజు కట్టింది కూతురు, టిక్కెట్టు తీసింది అల్లుడు. తేదీ మాత్రం ఎవరూ చదవలేదు. మా రోజుల్లో ఊళ్లోంచి ఒక మనిషి విదేశం వెళ్తున్నాడంటే ఎప్పుడెక్కుతాడో, ఎన్నాళ్లుంటాడో, ఏ తేదీకల్లా తిరిగి రావాలో వీధి చివర కిళ్లీ కొట్టువాడికి కూడా తెలిసేది. ఇప్పుడు ప్రయాణం చేసేవాళ్లకే తెలియదు.

నేను బ్యాంకులో విదేశీ మారకం కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ఆ కౌంటర్లో డాలరు మొహం చూడాలంటే ఎంత తతంగమో మీకు చెప్పినా నమ్మరు. 1973లో విదేశీ మారకాన్ని కట్టడి చేసే ఫెరా చట్టం వచ్చింది. ఆ కాలంలో మామూలు మనిషి విదేశం వెళ్తుంటే చేతిలో పెట్టేది 8 డాలర్లని మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవారు. ఎనభై కాదు నాయనా, ఎనిమిది. ఇవాళ ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా ఎవరైనా పంపుకోవచ్చంటున్నారు, మీరు ఫోను మీద వేలు పెట్టి కార్డులో నింపేసుకుంటున్నారు. అప్పట్లో మేం ఎంత సొమ్మిచ్చామో పాస్‌పోర్టు చివరి పేజీల్లో సిరా కలంతో రాసి, సంతకం చేసి, బ్యాంకు ముద్ర కొట్టేవాళ్లం. పాస్‌పోర్టే చేతిరాతది. ఏ గుమాస్తా రాశాడోగానీ పేరూ, తండ్రి పేరూ, ఊరూ ముత్యాల కోవలా ఉండేవి. 2015 నవంబరు 24 తర్వాత ఆ చేతిరాత పాస్‌పోర్టులు ఏ దేశంలోనూ చెల్లవన్నారు. సరే, అదీ పోయింది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, డబ్బివ్వబోయే ముందు వీసా పేజీ తీసి మేం చదివేవాళ్లం. మా మేనేజరు ఒకాయన ఉండేవారు, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని "ఎప్పటిలోగా వెళ్లాలి, వెళ్లి ఎన్నాళ్లుండాలి, ఎన్నిసార్లు వెళ్లొచ్చు, ఈ మూడూ చెప్పవయ్యా, తర్వాత డాలర్ల సంగతి" అనేవారు. ఎదుటివాడు ఐఏఎస్ ఆఫీసరైనా సరే, పత్తి వ్యాపారైనా సరే, గడగడా అప్పజెప్పాల్సిందే. ఆ మూడు ప్రశ్నలూ ఇవాళ్టికీ మారలేదర్రా. అడిగేవాళ్లు లేరు, అంతే. మూడు వేర్వేరు సంగతులు, మూడింటికీ వేర్వేరు జవాబులు. మీరేమో మూడింటినీ కలిపి "వీసా ఉంది" అనేస్తారు.

అసలు వీసా లేని రోజులు కూడా చూశాం. 1986 దాకా మనవాళ్లు లండన్ చూసి రావడానికి ముందుగా వీసా వేయించుకోనక్కర్లేదు. పాస్‌పోర్టూ టిక్కెట్టూ పట్టుకుని వెళ్లి దిగితే అక్కడి ఆఫీసరు మొహం చూసి, నాలుగు ప్రశ్నలడిగి, ఎన్నాళ్లుండాలో ముద్ర కొట్టి పంపేవాడు. ఆ ఏడాదే మనకీ, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నైజీరియా, ఘనా వాళ్లకీ వీసా తప్పనిసరని ప్రకటించారు. అప్పట్నుంచి గుమ్మంలో అడిగే ప్రశ్నలు ఊళ్లోనే అడగడం మొదలైంది. అయితే గుమ్మంలో అడగడం మానేశారా? మానలేదు. అదీ అసలు కిటుకు. రెండుచోట్లా అడుగుతారు. రెండోచోట ఇచ్చిన తేదీయే లెక్క.

అమెరికా వీసా అయితే మనకి అప్పట్లో మద్రాసు వెళ్లడమే. హైదరాబాదులో కాన్సులేటు 2008లో గదా వచ్చింది, బేగంపేట పైగా ప్యాలెస్‌లో. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో పెద్ద భవనం కట్టుకున్నారు. కాన్సులేటు రాకముందు మనమంతా రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి సెంట్రల్లో దిగి, జెమినీ సర్కిల్ దగ్గరికి ఆటో మాట్లాడుకోవాల్సిందే. తిరువళ్లిక్కేణిలోనో, టీ నగర్లోనో లాడ్జీలో స్నానం, ఇడ్లీ తిన్నామనిపించుకోవడం, ఫైలు చంకన పెట్టుకుని క్యూ. ఆ క్యూలో ముందున్నవాడు భీమవరం, వెనకున్నవాడు వరంగల్, పక్కన పిల్లను చంకనేసుకున్న కడప అమ్మాయి. గంటలకొద్దీ నిలబడితే కాళ్లు పీకేవి, ఎండ మాడ్చేది, కాదనను. ఆ బాధ మళ్లీ ఎవరికీ వద్దు. కానీ ఆ క్యూలో నిలబడ్డవాడికి అన్నీ తెలిసేవి. లోపలికి వెళ్లొచ్చినవాడు బయటికొచ్చి ఏమడిగారో చెప్పేవాడు. "ఎన్నాళ్లుంటావన్నారు, మూడు నెలలన్నాను, తిరిగి ఎందుకొస్తావన్నారు, పొలముంది, మిగతా పిల్లలున్నారన్నాను." అంతమంది చెవిన పడేది. ఇప్పుడు స్లాట్ అంటారు, డ్రాప్‌బాక్స్ అంటారు, అర్ధరాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని నెలల తర్వాతి తేదీ ఒకటి పట్టుకుని ఎగిరి గంతేస్తారు. ఆ తేదీ గుర్తుంటుంది, వీసా మీది తేదీకి అర్థమేమిటో మాత్రం తెలియదు. చిలుకూరు వెళ్లి బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, వీసా వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుంటారు. మంచిదే, నేనూ దణ్ణం పెట్టుకున్నవాణ్ణే. కానీ స్వామి వీసా వరకే చూస్తాడు. ఆ పైన చూసుకోవాల్సింది మనం.

ఇప్పుడు సరిగ్గా విను. అమెరికా చూడ్డానికి వెళ్లేవాళ్లకిచ్చే బీ1/బీ2 వీసా మనవాళ్లకి మామూలుగా పదేళ్లకిస్తారు. ఆ స్టిక్కరు మీదున్న చివరి తేదీ, నువ్వు అక్కడి విమానాశ్రయంలో ఆఫీసరు ముందు నిలబడి "లోపలికి రావచ్చా" అని అడగడానికి చివరి తేదీ. అంతే. అదొక శుభలేఖ. శుభలేఖ చూపించి పెళ్లింటి గుమ్మం దాకా వెళ్తావు, ఎన్ని పూటలుండాలో ఇంటివాళ్లు చెప్తారు. అక్కడ చెప్పేది ఇమిగ్రేషన్ కౌంటర్లో కూర్చున్న ఆఫీసరు. వేళ్లు పెట్టమంటాడు, కెమెరా వైపు చూడమంటాడు, ఎవరింటికొచ్చావు, ఎన్నాళ్లుంటావు అంటాడు. మామూలుగా ఆర్నెల్లిస్తాడు. అనుమానమొస్తే తక్కువా ఇవ్వొచ్చు, వెనక్కీ పంపొచ్చు. ఆయన ఇచ్చిన తేదీకి ఐ-94 అని పేరు. నువ్వు బయల్దేరాల్సింది ఆ తేదీలోగా. వీసా మీద 2033 ఉన్నా, 2043 ఉన్నా దానికీ దీనికీ సంబంధం లేదు. ఇదే తిరగేసి చూడు. వీసా రేపటితో అయిపోతుందనగా ఇవాళ దిగినవాడికి కూడా ఆర్నెల్లివ్వొచ్చు. వీసా అయిపోయిందని వాడు మర్నాడే పెట్టె సర్దుకోనక్కర్లేదు. ఐ-94 తేదీ దాకా హాయిగా ఉండొచ్చు.

ఆ ఐ-94 అప్పట్లో ఒక తెల్ల అట్టముక్క. విమానం దిగబోయే ముందు ఎయిర్ హోస్టెస్ అందరికీ పంచేది. పెన్ను ఉన్నవాడి చుట్టూ నలుగురు చేరేవారు. పెద్దక్షరాల్లో, గడికొక అక్షరం చొప్పున, ఇంటిపేరు ఎక్కడ రాయాలి, మన పేరు ఎక్కడ రాయాలి అని పక్కవాళ్లనడుగుతూ నింపేవాళ్లం. కౌంటర్లో ఆఫీసరు ముద్ర కొట్టి, ఆ ముద్ర మీద పెన్నుతో తేదీ వేసి, కింది సగం చింపి పాస్‌పోర్టులో స్టేపుల్ చేసి చేతిలో పెట్టేవాడు. తిరిగొచ్చేటప్పుడు విమానంవాళ్లు దాన్ని పీకి తీసుకునేవారు. మా ఆవిడ దాన్ని పాస్‌పోర్టుతో సహా పాలిథీన్ కవర్లో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, పట్టుచీరల మధ్య దాచేది. ఇంటికెవరొచ్చినా ముందు చూపించేది అదే. "ఫలానా తేదీదాకా ఇచ్చారండీ" అని ఫోన్లో వదినగారికి చెప్పేది. కాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టేది. తేదీ చేతిలో ఉండేది, తెలిసిందా? చేత్తో పట్టుకుంటే తగిలేది.

2013లో ఆ అట్టముక్క తీసేశారు. విమానంలో, ఓడలో దిగేవాళ్లకి ఇక కాగితం లేదు, కంప్యూటర్లో ఎక్కించేస్తాం, కావాలంటే మీరే చూసుకోండన్నారు. ఇప్పుడు చాలాచోట్ల పాస్‌పోర్టులో ముద్ర కూడా కొట్టడం లేదు. లైను త్వరగా కదులుతుందట. పదహారు గంటలు విమానంలో కూర్చున్నవాడికి ఆ పది నిమిషాల లాభం ఏపాటిదో నాకు తెలియదు. ఆఫీసరు "హ్యావ్ ఎ నైస్ స్టే" అని పాస్‌పోర్టు చేతిలో పెడతాడు. ఎప్పటిదాకా ఉండమన్నాడో అందులో ఎక్కడా ఉండదు. బయట మనవడు పరిగెత్తుకొస్తాడు, ఇంక ఆ సంతోషంలో ఎవరికి గుర్తుంటుంది? కొడుకేమో "వీసా పదేళ్లుంది, ఎందుకు నాన్నా కంగారు" అంటాడు. ఆ కొడుకు కంప్యూటరు ఇంజినీరే. కంప్యూటర్లో ఉన్న తండ్రి తేదీ చూసే తీరిక వాడికి లేదు.

కూతురికి పురుడంటే ఇక ఈ ఆర్నెల్ల లెక్క ఇంటి పంచాంగమైపోతుంది. ముందు అమ్మాయి తరఫువాళ్లు వెళ్తారు, ఆర్నెల్లు పూర్తవుతుండగా అబ్బాయి తరఫువాళ్లు దిగుతారు. ఒకరి చేతిలోంచి ఒకరు పసివాణ్ణి అందుకుంటారు. మా రోజుల్లో పురుడంటే కూతురే పుట్టింటికొచ్చేది, మంత్రసానో, గవర్నమెంటు ఆస్పత్రి నర్సమ్మో చూసుకునేది, మూడో నెల్లో సారెతో అత్తింటికి పంపేవాళ్లం. ఏ దేశం అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడు అరవై దాటిన అమ్మ మోకాళ్ల నొప్పులతో సముద్రాలు దాటి వెళ్లి, చలిదేశంలో కాయం చేసిపెట్టి, పసివాడికి నలుగు పెట్టి వస్తోంది. ఆవిడ ఓపికకి చేతులెత్తి మొక్కాలి. అందుకే ఆవిడ తేదీ విషయంలో అశ్రద్ధ చేస్తే నాకు కడుపు మండుతుంది. వియ్యాలవారికి టిక్కెట్టు దొరకలేదు, పసివాడికి జలుబు చేసింది, ఇంకో పది రోజులుండమ్మా అంటారు. పది రోజులే కదా!

ఆ పది రోజులేం చేస్తాయో చెప్తాను. ఐ-94 తేదీ దాటి ఒక్కరోజు ఎక్కువున్నా, నువ్వు ఏ వీసా మీద వెళ్లావో ఆ వీసా చట్టం ప్రకారం చెల్లకుండా పోతుంది. పదేళ్ల వీసా, తొమ్మిదేళ్లు మిగిలున్నా సరే, చిత్తుకాగితమే. మళ్లీ మొదట్నుంచి ఫారం, ఫీజు, స్లాట్, ఇంటర్వ్యూ. "మొన్న గడువు దాటి ఎందుకున్నారు" అనే ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. 1996లో చేసిన చట్టం ఇంకా గట్టిది. గడువు దాటి 180 రోజులకు మించి ఉండి బయటికొస్తే మూడేళ్లు అడుగు పెట్టనివ్వరు, ఏడాదీ ఆ పైనా ఉంటే పదేళ్లు. డెబ్బై ఏళ్ల మనిషికి పదేళ్లంటే ఏమిటో ఆలోచించు. మనవడి బారసాల చూసినావిడ మళ్లీ ఆ ఇంటి గుమ్మం తొక్కేసరికి వాడు హైస్కూల్లో ఉంటాడు. అప్పటికి ఆవిడ ఉంటుందో లేదో కూడా చెప్పలేం.

బెంచీల మీద ఇంకో సలహా చక్కర్లు కొడుతూ ఉంటుంది. "నయాగరా వెళ్తున్నారుగా, అటు కెనడా వైపు రెండ్రోజులు ఉండొచ్చారంటే కొత్తగా ఆర్నెల్లు వస్తాయండీ." ఎవరు చెప్పారయ్యా? కెనడాకో మెక్సికోకో నాలుగు రోజులు వెళ్లొస్తే మామూలుగా పాత ఐ-94 తేదీయే నడుస్తుంది, కొత్త లెక్క మొదలవ్వదు. దాన్ని నమ్ముకుని తిరుగు టిక్కెట్టు వెనక్కి జరపొద్దు. నిజంగా అవసరమొచ్చింది, మనిషి ఆస్పత్రిలో పడ్డాడు, ప్రయాణం చేయలేడు అనుకో, దానికి దారుంది. ఐ-539 అనే అర్జీ ఉంది. కారణం రాసి, కాగితాలు జతచేసి, గడువు అయ్యేలోగానే పంపాలి. గడువయ్యాక కాదు. మా రోజుల్లో పొలం శిస్తుకైనా గడువు లోపలే తాలూకాఫీసు మెట్లెక్కేవాళ్లం. ఆ భయమే మేలు చేసింది మాకు.

ఇక యూరప్. అది తలుచుకుంటే బ్యాంకులో చక్రవడ్డీలు వేసిన నాకే కాగితం కావాల్సొస్తుంది. షెంగెన్ అని 29 దేశాలకి ఒకటే వీసా. స్టిక్కరు మీద ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా అని రెండు తేదీలుంటాయి. వాటి కిందే ఇంకో గడి ఉంటుంది, ఎన్ని రోజులు అని. అక్కడ 15 అని ఉంటే 15 రోజులే. పై తేదీల మధ్య నెల రోజులుంది గదా అని నెలంతా ఉండకూడదు. విమానం రద్దయినా, ప్రయాణం అటూ ఇటూ అయినా ఇబ్బంది పడకుండా ఆ ఎడం ఇస్తారు. ఇప్పుడు మనవాళ్లకి రెండేళ్లకీ, అయిదేళ్లకీ కూడా ఇస్తున్నారు. అయిదేళ్ల వీసా ఉన్నా ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. ఆ 180 జనవరితో మొదలయ్యేవి కావు. నువ్వు అక్కడున్న ప్రతి రోజునుంచీ వెనక్కి 180 లెక్కపెట్టాలి. దిగిన రోజూ ఒక రోజే, ఎక్కిన రోజూ ఒక రోజే.

పెన్ను తియ్యి, వేసి చూపిస్తా. జర్మనీలో కూతురింటికి జనవరి 1న దిగారు, మార్చి 1న ఎక్కారు. లీపు సంవత్సరం కాకపోతే సరిగ్గా 60 రోజులు. మళ్లీ మే 1న వెళ్లారు. "కొత్తగా 90 రోజులు" అనుకుంటారు. కాదు. వెనక్కి 180 రోజులు చూస్తే ఆ పాత 60 రోజులూ అందులోనే ఉన్నాయి. మిగిలింది 30. మే 30న ఎక్కేయాలి. జూన్ 10న మనవరాలి పుట్టినరోజు, అది చూసుకుని వస్తామంటే కుదరదు. పుట్టినరోజు ముఖ్యమనుకుంటే ముందు ప్రయాణంలోనే రోజులు మిగుల్చుకోవాలి. ఇంత చిన్న కూడిక, తీసివేత. మా ఎలిమెంటరీ స్కూల్లో పలక మీద చేయించేవారు. మీరు దీనికి కూడా ఫోన్లో ఏదో క్యాలిక్యులేటరు దించుకుంటారు. దించుకోండి, తప్పులేదు, లెక్క తప్పకపోతే చాలు.

మొన్న మొన్నటిదాకా అక్కడ పాస్‌పోర్టులో ముద్ర కొట్టేవారు. వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. మూలన చిన్న విమానం బొమ్మో, రైలు బొమ్మో ఉండేది. పేజీలు తిరగేసి ఏ ఊళ్లో ఏ రోజు దిగామో తలుచుకునేవాళ్లం. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడ కూడా ముద్ర స్థానంలో కంప్యూటరు పద్ధతి మొదలుపెట్టారు. మొహం ఫొటో, వేలిముద్రలు తీసుకుని రోజులు అదే లెక్కపెట్టుకుంటుంది. పూర్వం ఆఫీసరు పేజీలు తిప్పి, ముద్ర సరిగ్గా కనపడక విసుక్కుని పోనిచ్చిన సందర్భాలూ ఉండేవి. యంత్రం విసుక్కోదు. ఒక్కరోజు ఎక్కువున్నా దాని కంటపడుతుంది. చేతిలో ఉన్న లెక్క తీసేసుకుని తన దగ్గర పెట్టుకుంది. దొంగతనంగా ఉండిపోయేవాళ్లు తగ్గుతారంటారు, నిజమే కావచ్చు. అమాయకంగా ఉండిపోయేవాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

అమాయకులంటే గుర్తొచ్చింది. నేను కొన్నాళ్లు నిజామాబాద్ వైపు పనిచేశాను. గల్ఫ్ నుంచి వచ్చే డ్రాఫ్టులు మా కౌంటర్లోకే వచ్చేవి. మోర్తాడ్ నుంచి, ఆర్మూర్ నుంచి, అటు జగిత్యాల నుంచి తల్లులు, భార్యలు కొంగున కట్టుకొచ్చేవారు ఆ కాగితం. కొన్ని నెలలు వచ్చి, ఉన్నట్టుండి ఆగిపోయేవి. అడిగితే ఏడ్చేవారు. ఏజెంటు పని వీసా అని డబ్బు గుంజి విజిట్ వీసా మీద పంపాడు, గడువైపోయింది, పాస్‌పోర్టు ఎవడి దగ్గరో ఉంది, ఇప్పుడక్కడ ఖల్లివెల్లిగా, అంటే కాగితాల్లేని మనిషిగా, దాక్కుని పనిచేస్తున్నాడు అని. దుబాయి టూరిస్టు వీసా నెలకో, రెండు నెలలకో ఇస్తారు. జారీ అయిన రెండు నెలల్లోగా దిగాలి, దిగిన రోజు నుంచి ఉండే రోజుల లెక్క మొదలవుతుంది. అక్కడా రెండు లెక్కలే. గడువు దాటితే రోజుకి 50 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. నెలలు గడిచేకొద్దీ అది పెరిగి పెరిగి మనిషి మోయలేనంత అవుతుంది. అందుకే అక్కడి ప్రభుత్వం అప్పుడప్పుడూ క్షమాభిక్ష ప్రకటిస్తుంది. 2018లో ఇచ్చారు, 2024లో ఇచ్చారు. అప్పుడు జరిమానా లేకుండా ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణపు కాగితం తీసుకుని మనవాళ్లు ఎందరో ఇల్లు చేరారు. అమెరికా వెళ్లే అమ్మమ్మకి కొడుకున్నాడు, కోడలుంది, లాయరుకిచ్చుకునే డబ్బుంది. ఈ కుర్రాడికి ఎవరున్నారు? విజిట్ వీసా మీద పనికి పంపుతానన్న ఏజెంటు గుమ్మంలోకొస్తే అక్కడే ఆపండి. ఇది మాత్రం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మా రోజులు మంచివని ఈ ఒక్క విషయంలో నేననలేను.

లండన్ సంగతీ అంతే. పదేళ్ల విజిటర్ వీసా కొనుక్కున్నా ఒక్కోసారికి ఆర్నెల్లు దాటకూడదు. థాయ్‌లాండ్‌లో గడువు దాటితే రోజుకి 500 బాత్‌లు, మొత్తం మీద 20,000 బాత్‌ల దాకా కట్టించుకుంటారు. "కట్టేద్దాంలే" అని తేలిగ్గా అంటారు కుర్రాళ్లు. కట్టేస్తే తీరిపోయేది జరిమానా, రికార్డులో పడ్డది తీరదు. తర్వాత ఏ దేశం ఫారంలోనైనా "ఎక్కడైనా గడువు దాటి ఉన్నారా" అని అడిగితే ఏం రాస్తావు? ఇంకోటి, పాస్‌పోర్టు. దాని గడువు చాలా దేశాలకి ఆరు నెలలైనా మిగిలుండాలి. యూరప్‌కి తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలుండాలి. వీసా ఉంది, టిక్కెట్టు ఉంది, పాస్‌పోర్టు మరో రెండు నెలల్లో అయిపోతుందని శంషాబాద్‌లో చెకిన్ కౌంటరు దగ్గర వెనక్కి పంపితే, ట్రాలీ నిండా సర్దిన ఆవకాయ జాడీలతో ఇంటికి రావాల్సిందే.

మీకు నా మాటలు చాదస్తంగానే ఉంటాయి. అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి కదా తాతయ్యా అంటారు. దొరుకుతున్నాయి, నిజమే. మాకు రిజర్వ్ బ్యాంకు సర్క్యులరు పోస్టులో రావడానికి నెల పట్టేది, మీకు క్షణంలో కనపడుతోంది. అది మీ అదృష్టం. కానీ మేం నెలకొచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివేవాళ్లం, మీరు క్షణంలో వచ్చినదాన్ని ఒక్కసారి కూడా చదవడం లేదు. ప్రయాణం తేలికయ్యేకొద్దీ శ్రద్ధ తేలికైపోయింది. జీవితంలో ఒక్కసారి వెళ్లేవాళ్లం కాబట్టి ప్రతి తేదీ మాకు కంఠతా వచ్చేది. మీరు బస్సెక్కినట్టు విమానమెక్కుతున్నారు, ఆ నిర్లక్ష్యాన్ని అమ్మానాన్నల ప్రయాణానికి కూడా అంటిస్తున్నారు.

అందుకని పిల్లలూ, అమ్మానాన్నల్ని పిలిపించుకున్న రోజున ఈ చిన్న పని చెయ్యండి. వాళ్లు దిగిన సాయంత్రమే, పెట్టెలు విప్పకముందే, అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల ఐ-94 వెబ్‌సైటు తెరవండి. పాస్‌పోర్టు నంబరూ, పేరూ, పుట్టినతేదీ లాంటి వివరాలు కొడితే చాలు, డబ్బులక్కర్లేదు. పేరు సరిగ్గా ఉందో లేదో చూడండి, ఉండాల్సిన చివరి తేదీ చూడండి. తప్పుంటే అప్పుడే దిద్దించండి. ఆ కాగితం రెండు ప్రతులు తీసి ఒకటి నాన్నగారి పాస్‌పోర్టులో పెట్టండి, ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి. తిరుగు టిక్కెట్టు ఆ తేదీకి కనీసం రెండు వారాల ముందుకి తియ్యండి. మంచు కురిసి విమానాలు ఆగిపోయినా, ఒంట్లో బాగోలేకపోయినా ఆ రెండు వారాలు ఆదుకుంటాయి. పెద్దవాళ్లు కూడా "నాకేం తెలుసు, అబ్బాయి చూసుకుంటాడు" అనడం మానాలి. మీ పాస్‌పోర్టు మీది. మీ తేదీ మీరు అడిగి చెప్పించుకోండి, కాలెండరు మీద మీ చేత్తో రాసుకోండి. ఇచ్చినన్ని రోజులు మనవల్ని కళ్లారా చూసుకుని, గడువుకి ముందే గౌరవంగా తిరిగొచ్చేయండి. అలా వచ్చినవాళ్లకే రెండోసారి తలుపు సుళువుగా తెరుచుకుంటుంది.